యార్క్ కోటగోడ మీద ఒక ప్రదక్షిణ

కిందటి వేసవిలో ఒక శనివారం మన సంఘానికి చెందిన ఆరు కుటుంబాల వాళ్ళం కలిసి యార్క్ నగరపు కోటగోడ మీద నడిచి వచ్చాము. పెద్దలు, పిల్లలు కలిసి ఇరవైమందికి పైగా తేలాము. ఈ దేశానికి వచ్చి ఏళ్ళు గడిచినా మాలో చాలామంది యార్క్ అంటే మిన్‌స్టర్ చర్చిని చూసి, సన్నపాటి సందుల్లో నాలుగు ఫొటోలు తీసుకుని, సాయంత్రం రైలెక్కే ఊరుగానే ఎరుగుదుము. ఈసారి అలా కాకుండా ఊరు చుట్టూ ఉన్న గోడను పట్టుకుని, ఒక్కొక్క గవిని దగ్గర ఆగి, దాని కథ చెప్పుకుంటూ తిరిగి మొదటి చోటికే రావాలని నిశ్చయించుకున్నాము. గోడ మొత్తం సుమారు 2 మైళ్ళు. ఇంగ్లండులో ఇంత పొడవున నిలిచి ఉన్న నగర ప్రాకారం మరొకటి లేదు. పైకి ఎక్కడానికి టిక్కెట్టు లేదు. పొద్దున తెరుస్తారు, చీకటి పడేలోగా మూసేస్తారు.

బయలుదేరేముందు మాలో ఒకరి కుమార్తె, పదేళ్ళ పిల్ల, ఒక ప్రశ్న వేసింది. "ఈ గోడ ఎవరి నుంచి ఎవర్ని కాపాడింది?" అని. చరిత్ర కొంత చదువుకున్న పెద్దలం కూడా వెంటనే చెప్పలేకపోయాము. నడుస్తూ చెప్పుకుందామన్నాము. ఈ వ్యాసం ఆ పిల్లకు చెప్పుకున్న జవాబేనని పాఠకులు అనుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట. యార్క్‌లో పేర్లతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ 'గేట్' అని పేరున్నది ద్వారం కాదు, వీధి. క్రీ.శ. 866లో డేనులు ఈ ఊరిని పట్టుకుని యోర్విక్ అని పిలుచుకున్నారు. వాళ్ళ భాషలో వీధిని 'గాతా' అనేవారు. ఆ మాటే గేట్‌గా మిగిలింది. ద్వారాన్ని 'బార్' అంటారు. బూథమ్ బార్, మాంక్ బార్, వామ్‌గేట్ బార్, మికిల్‌గేట్ బార్ అని నాలుగు పెద్ద గవనులు. బూథమ్ బార్ దగ్గర మొదలుపెట్టి, ఊరు ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండేలా నడిచాము. మనకు అలవాటైన ప్రదక్షిణమే అది.

బూథమ్ బార్ నిలిచిన చోటు అన్నిటికంటె పాతది. క్రీ.శ. 71లో రోమను సైన్యంలోని తొమ్మిదవ దళం ఇక్కడ కోట కట్టి ఎబొరాకమ్ అని పేరు పెట్టింది. ఆ కోట వాకిళ్ళలో ఒకటి సరిగ్గా ఇక్కడే ఉండేది. ఇప్పటి గవినిలో కొంత భాగం పదకొండవ శతాబ్దానిది. ఉత్తరానికి, అంటే స్కాట్లండు వైపు పోయే దారి దీని కిందుగానే వెళుతుంది. అందుకే స్కాటులంటే ఈ గవినికి ఎప్పుడూ అనుమానమే. 1501లో ఈ తలుపుకు ఒక సుత్తె బిగించారు. ఊళ్ళోకి రాదలచిన స్కాట్ ఎవరైనా ముందు దానితో తలుపు తట్టి, మేయరు అనుమతి వచ్చేదాకా బయటే నిలబడాలన్నమాట. ఈ సంగతి చెప్పుకున్నప్పుడు మాలో ఉన్న డాక్టరుగార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. విమానాశ్రయంలో ఎత్తుబల్ల ముందు కాగితాల కట్ట పట్టుకుని నిలబడిన మొదటిరోజు మాలో ఎవరికీ మరపురాలేదు.

మెట్లెక్కి గోడ మీదికి రాగానే కుడివైపున మిన్‌స్టర్ శిఖరాలు, చెట్ల నడుమ తోటలు. యార్క్‌లో ఇంతకంటె అందమైన నడక లేదంటారు. మేమూ కాదనలేము. కాని మాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది కాళ్ళ కింద ఉన్న కట్ట. ఈ రాతిగోడ నేల మీద లేదు, ఎత్తైన మట్టికట్ట మీద ఉంది. రోమనుల గోడ పాడుబడిన తరువాత దాని మీదనే డేనుల కాలంలోనూ, తరువాతి నార్మనుల కాలంలోనూ మట్టి పోసి కట్టను ఎత్తు చేశారు. పైన కొయ్యకంచె ఉండేది. పదమూడు, పధ్నాలుగు శతాబ్దాలలో ఆ కంచె తీసి తెల్లని సున్నపురాయితో గోడ కట్టారు. ఈ వైపున రోమనుల గోడ ఇంకా మట్టిలోనే ఉంది. వరంగల్లు నుంచి వచ్చిన మా మిత్రులొకరు వెంటనే ఓరుగల్లు మట్టికోటను తలచుకున్నారు. అక్కడ రాతికోట లోపలా, మట్టికోట వెలుపలా వేరువేరుగా ఉన్నాయి. ఇక్కడ మట్టికట్ట మీదే రాయి నిలబెట్టారు. మట్టిగోడను తక్కువగా చూడరాదు. 1310లో ఓరుగల్లును ముట్టడించిన సైన్యం కథ వ్రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టితనాన్ని ప్రత్యేకంగా చెప్పాడు.

ఈ పనికంతకూ డబ్బు ఎక్కడిది? 1226 మొదలు రాజు యార్క్‌కు గోడపన్ను వసూలు చేసుకునే హక్కు ఇస్తూ వచ్చాడు. ఊళ్ళోకి అమ్మకానికి వచ్చే సరుకు మీద ఇంతని సుంకం. ఆ సుంకంతో గోడ. అంటే గోడకు డబ్బు పెట్టినవాళ్ళు ముఖ్యంగా గవిని దాటి లోపలికి వచ్చిన బయటివాళ్ళే. శత్రువు వచ్చేది ఏ తరానికో ఒకసారి. సుంకం మాత్రం ప్రతిరోజూ. సరుకు ఏ సందులోంచీ జారిపోకుండా నాలుగు వాకిళ్ళలోంచే రప్పించడం గోడ చేసిన నిత్యపు పని.

మాంక్ బార్ నాలుగు గవనుల్లోనూ ఎత్తైనది. నాలుగు అంతస్తులు. పైన రాతి మనుషులు బండరాళ్ళు ఎత్తి కిందివాళ్ళ మీద వేయబోతున్నట్టు నిలబడి ఉంటారు. పిల్లలకు అన్నిటికంటె అదే నచ్చింది. పైనుంచి కిందికి జారే కొయ్య జాలరి తలుపు, దాన్ని ఎత్తే యంత్రం లోపల ఇప్పటికీ ఉన్నాయి. కొద్ది దూరంలో గోడకు లోపలి వైపు, కింద గుంటలో, రోమను కోట మూలబురుజు పునాదులు కనిపిస్తాయి.

అక్కడే గోడకు వెలుపలి వైపు చూస్తే ఒక సూపర్‌మార్కెటు, కారు పార్కు ఉన్నాయి. ఆ చోటు పేరు జ్యూబరీ. మధ్యయుగంలో యార్క్ యూదుల శ్మశానం అది. దుకాణం కట్టే ముందు 1982, 83 సంవత్సరాలలో తవ్వినప్పుడు వందలాది సమాధులు బయటపడ్డాయి. అస్థికలను 1984లో దగ్గరలోనే తిరిగి ఖననం చేశారు. బతికినన్నాళ్ళు గోడ లోపల, పోయాక గోడ బయట. ఆ కుటుంబాల కథ ఏమిటని పిల్లలు అడిగారు. కోట దగ్గరకు చేరాక చెప్పుకుందామని ముందుకు నడిచాము.

మాంక్ బార్ దాటి కొంత దూరం పోయేసరికి గోడ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కూలిపోయిందనుకున్నాము గాని, ఇక్కడ గోడ కట్టనేలేదు. విలియం రాజు 1068, 69 సంవత్సరాలలో యార్క్‌లో రెండు కోటలు కట్టించాడు. వాటిలో ఒకదాని రక్షణకు ఫాస్ నదికి అడ్డుకట్ట వేయించాడు. దానితో ఈ పక్కంతా నీళ్ళు, బురద నిండి పెద్ద మడుగైంది. దాన్ని రాజుగారి చేపల చెరువు అన్నారు. శత్రువు దాన్ని దాటలేడు కనుక గోడతో పనిలేకపోయింది. ఇప్పుడు చెరువు లేదు. ఆ చోట దుకాణాలు, మోటారు బండ్ల రోడ్డు ఉన్నాయి. ఆ రోడ్డు పక్కనే కాసేపు నడిచి, ఎర్ర ఇటుకల బురుజు దగ్గర మళ్ళీ గోడను అందుకున్నాము.

ఈ ఎర్రబురుజు 1490 ప్రాంతంలో కట్టింది. గోడ మొత్తంలో ఇటుకతో కట్టింది ఈ భాగం ఒక్కటే. అంతవరకు గోడపని అంతా రాతిపనివారిదే. ఇటుక చవక అని నగరపెద్దలు ఈ ముక్కను ఇటుకపనివారికి ఇచ్చారు. రాతిపనివారికి కడుపు మండింది. బెదిరించారు, పనిముట్లు విరగ్గొట్టారు. ఇటుకపనివారు నగరసభకు మొర పెట్టుకున్నారు. 1491లో ఇటుకపనివారిలో ఒకడు హత్యకు గురయ్యాడు. రాతిపనివారిలో ఇద్దరి మీద నేరం మోపారు గాని వాళ్ళు విడుదలయ్యారు. బయటి శత్రువును ఆపడానికి కట్టిన బురుజు కోసం చిందిన ఆ నెత్తురు ఊళ్ళోవాడిదే. పిల్లలకు అది కథలా ఉంది గాని, పెద్దలం కాసేపు మాట్లాడకుండా ఇటుకలు చూస్తూ నిలబడ్డాము.

వామ్‌గేట్ బార్ మా నడకలో ముఖ్యమైన మజిలీ. గవినికి ముందు రెండు పక్కలా గోడలు కట్టి, ఇరుకైన దారి చేసి, చివర మరో వాకిలి పెట్టారు. మొదటి వాకిలి బద్దలుకొట్టి లోపలికి దూసుకొచ్చిన శత్రువు ఈ ఇరుకులో చిక్కుకుంటాడు. పైనుంచి అతని మీద రాళ్ళూ బాణాలూ కురుస్తాయి. గోలకొండలో బాలాహిసార్ వాకిలికి ఎదురుగా అడ్డుగోడ ఉంది కదా, ఉద్దేశం అదే. ఒకప్పుడు నాలుగు గవనులకూ ఇలాంటి ముందరి కోట ఉండేది. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. ఇంగ్లండు నగరద్వారాలన్నిటిలో కూడా ఇదొక్కటే. పదిహేనవ శతాబ్దపు ఓకు తలుపులు ఇంకా ఉన్నాయి. లోపలి వైపు గవినికి ఆనించి, రాతి స్తంభాల మీద ఒక కొయ్య ఇల్లు ఉంది. ఎలిజబెత్ రాణి కాలంనాటిది. ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా అందులో కుటుంబాలు కాపురమున్నాయి. గవిని మీద ఇల్లేమిటని మొదట వింతపడ్డాము. తరువాత ఆలోచిస్తే, ఈ గవిని నిలవడానికి ఆ కాపురం కూడా తోడ్పడి ఉంటుందనిపించింది. రోజూ దీపం పెట్టే ఇంటిని ఎవరూ అంత తేలిగ్గా కూల్చరు.

ఈ గవినికి దెబ్బలు రెండుసార్లు తగిలాయి. 1489లో రాజు ఫ్రాన్సు వైపు యుద్ధానికని వేసిన పన్ను కట్టలేక యార్క్‌షైరు రైతులు తిరగబడ్డారు. ఊరి మీదికి వచ్చి వామ్‌గేట్ బార్‌కూ, పక్కనున్న చిన్న గవిని ఫిషర్‌గేట్ బార్‌కూ నిప్పు పెట్టారు. ఫిషర్‌గేట్ రాళ్ళు ఆ మంటకు ఎర్రబారినవి ఇప్పటికీ కనిపిస్తాయి. తరువాత ఆ చిన్న గవినిని ఇటుకలతో మూసేశారు. మళ్ళీ తెరిచింది 1827లో. మూడువందల ఏళ్ళకు పైగా మూసి ఉన్న తలుపు అది.

రెండవ దెబ్బ 1644లో. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్న రోజులు. యార్క్ రాజు పక్షం. ఏప్రిల్ నుంచి జూలై దాకా పార్లమెంటు సైన్యాలు, స్కాటులు కలిసి ఊరిని చుట్టుముట్టారు. వామ్‌గేట్ మీద ఫిరంగులు పేల్చారు. ఆ గుండ్ల గుంటలు చేతితో తడిమి చూడవచ్చు. జూలై 2న మార్‌స్టన్ మూర్ మైదానంలో రాజు సైన్యం ఓడిపోయింది. ఇక సాయం రాదని తెలిసి జూలై 16న ఊరు లొంగిపోయింది. గోడ మూడు నెలలు ఆగింది గాని, ఊరి గతి తేలింది గోడకు కొన్ని మైళ్ళ దూరంలో. ఆ తరువాత జరిగినదే మాకు ఎక్కువ నచ్చింది. గెలిచిన సేనానులలో ఒకడైన ఫేర్‌ఫాక్స్ యార్క్‌షైరు మనిషే. చర్చిలకు హాని చేయరాదని లొంగుబాటు ఒప్పందంలోనే ఉంది. అతను దాన్ని నిలబెట్టాడు. మిన్‌స్టర్ కిటికీల్లోని పాత రంగు అద్దాలు ఈనాడు మనం చూడగలుగుతున్నామంటే ఆ మాట వల్లనే.

ఫిషర్‌గేట్ దాటి కొంత దూరం పోతే గోడ మళ్ళీ ఆగుతుంది. అక్కడ ఫాస్ నది వంతెన దాటి కోట ఆవరణలోకి వచ్చాము. గడ్డి దిబ్బ మీద క్లిఫర్డ్స్ టవర్. పులిహోర, పెరుగన్నం పొట్లాలు విప్పుకుని భోజనాలు చేసింది ఇక్కడే. తిన్న తరువాత, పొద్దున వాయిదా వేసిన కథ పిల్లలకు చెప్పక తప్పలేదు.

1190 మార్చి నెల. రాజు రిచర్డు మతయుద్ధానికి బయలుదేరే సన్నాహంలో ఉన్నాడు. దేశమంతా అన్యమతస్థుల మీద ఆవేశం. యార్క్‌లో యూదుల కుటుంబాలు కొన్ని అప్పులిచ్చే వ్యాపారం చేసేవి. వాళ్ళకు బాకీపడ్డ స్థానిక ప్రభువులు కొందరు ఆ ఆవేశాన్ని అందిపుచ్చుకున్నారు. ఇళ్ళ మీద దాడులు మొదలయ్యాయి. యూదులు రాజుగారి రక్షణ కోరి ఈ దిబ్బ మీది కోటలో చేరారు. అప్పట్లో అది కొయ్య బురుజు. కోట అధికారి ఏదో పని మీద బయటికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి, అతన్ని కూడా నమ్మలేక వాళ్ళు తలుపు తీయలేదు. దానితో అధికార సైన్యం కూడా గుంపుతో కలిసింది. మార్చి 16 రాత్రి, తప్పించుకునే దారి లేదని తేలాక, లోపలివారిలో చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. బురుజుకు నిప్పంటుకుంది. మిగిలినవారు ప్రాణభిక్ష పెడతామన్న మాట నమ్మి బయటికి వస్తే వాళ్ళనూ చంపారు. సుమారు 150 మంది పోయారు. ఆ తరువాత గుంపు మిన్‌స్టర్‌కు పోయి, అక్కడ భద్రపరిచిన అప్పుపత్రాలు తగలబెట్టింది. వచ్చిన కోపం మతం కోసమా, బాకీ కోసమా అన్నది ఆ మంటే చెబుతుంది.

ఇప్పుడున్న రాతి బురుజు తరువాతి శతాబ్దంలో కట్టినది. 1290లో యూదులను ఇంగ్లండు నుంచే వెళ్ళగొట్టారు. యార్క్ ఈ సంగతిని చాలా కాలం మాట్లాడుకోలేదు. 1978లో దిబ్బ కింద ఒక శిలాఫలకం పెట్టారు. తరువాత దిబ్బ వాలులో పసుపుపచ్చని డాఫొడిల్ పూల మొక్కలు నాటారు. ఆరు రేకుల ఆ పువ్వు యూదుల ఆరు కోణాల నక్షత్రాన్ని తలపిస్తుంది. ఆ ఘోరం జరిగిన మార్చి నెలలోనే అవి పూస్తాయి.

పొద్దున ప్రశ్న వేసిన పిల్ల ఇదంతా విని, "వాళ్ళు గోడ లోపలే ఉన్నారు కదా!" అంది. అవును. లోపలే ఉన్నారు. ఊరి చుట్టూ కట్ట ఉంది, కందకం ఉంది, వాకిళ్ళ దగ్గర కావలి ఉంది. ఆ కుటుంబాలకు వాటిలో ఏదీ అక్కరకు రాలేదు. ఎదుటివాళ్ళు రోజూ సంతలో కలిసే ఇరుగుపొరుగులే. ఈ దేశంలో ఇల్లు కొనుక్కుని, పిల్లలను బడిలో వేసి, పక్కింటివాళ్ళతో పలకరింపులు పెట్టుకున్న మనకు ఈ కథ పాతకథగా తోచదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఊరు ఎవరిని తనవాళ్ళనుకుంటుందో దాన్ని బట్టే గోడ కూడా పనిచేస్తుందని ఇక్కడ తెలిసింది.

ఊజ్ నది వంతెన దాటితే గోడ మూడో భాగం. ఇది మికిల్‌గేట్ బార్‌కు తీసుకుపోతుంది. మికిల్‌గేట్ అంటే డేనుల మాటలో పెద్దవీధి. లండను దారి ఇటువైపే. రాజులు వచ్చేది ఈ వాకిలిలోంచే. వచ్చిన రాజు ఇక్కడ ఆగి నగరపెద్దల అనుమతి తీసుకుని లోపల అడుగుపెట్టడం ఆచారం. 2022 నవంబరులో మూడవ ఛార్లెస్ రాజుకు స్వాగతం పలికింది కూడా ఈ గవిని దగ్గరే. మర్యాదలు జరిగిన చోటే శిక్షలూ ప్రదర్శించారు. రాజద్రోహుల తలలు నరికి ఈ గవిని పైన గుచ్చేవారు. 1460లో వేక్‌ఫీల్డు యుద్ధంలో చనిపోయిన యార్క్ ప్రభువు రిచర్డు తలను కాగితపు కిరీటం పెట్టి ఇక్కడ నిలిపారు. మూడు నెలలు తిరిగేసరికి అతని కొడుకు ఎడ్వర్డు యుద్ధం గెలిచి, రాజై వచ్చి, తండ్రి తల దింపించి, ఓడినవారి తలలు పెట్టించాడు. ఈ పద్ధతి 1745 తిరుగుబాటు దాకా సాగింది. ఆ తిరుగుబాటుదారుల తలలు 1754 దాకా అక్కడే ఎండాయి. ఒక రాత్రి ఒక దర్జీ వాటిని దింపేశాడు. అతనికి జైలుశిక్ష పడింది.

ఆ రోజులు పోయాక గోడకు పని లేకుండా పోయింది. శత్రువులు లేరు, సుంకాలు తగ్గాయి. మరమ్మతుకు మాత్రం ఏటా ఖర్చు. ఇరుకు గవనుల్లో గుర్రపు బండ్లు ఇరుక్కుంటున్నాయి. 1800లో యార్క్ నగరసభ గోడలు, గవనులు కూల్చడానికి చట్టం కావాలని పార్లమెంటును అడిగింది. అప్పటి ఇంగ్లండులో ఎన్నో ఊళ్ళు అలాగే కూల్చుకుంటున్నాయి. యార్క్ పెద్దలు ఆశ్చర్యపోయేంతగా ఊరినుంచే ఎదురుతిరిగారు. నగరసభ చివరికి వెనక్కి తగ్గింది. అయితే అప్పటికీ, ఆ తరువాతా చాలా నష్టం జరిగింది. 1825, 1835 మధ్య మూడు గవనుల ముందరి కోటలు పోయాయి. దిడ్డి వాకిళ్ళు మూడు, బురుజులు ఐదు, సుమారు 300 గజాల గోడ కూల్చారు. వామ్‌గేట్ ముందరి కోట ఆ గండం గడిచి బయటపడింది.

నిలబెట్టినవాళ్ళు చేసిన పని ఏమిటో గమనించదగ్గది. వాళ్ళు గోడను మ్యూజియం చేయాలనలేదు. మాకు నడవడానికి కావాలన్నారు. 1830ల నాటికి గోడమీది బాట బాగుచేయడానికి ఊరి జనం చందాలు వేసుకున్నారు. రైలు వచ్చినప్పుడు కూడా గోడను పడగొట్టకుండా అందులో కమాను తొలిచి పట్టాలు లోపలికి తెచ్చారు. బూథమ్, మాంక్ గవనుల మధ్య భాగం, అంటే మేము పొద్దున నడిచిన బాట, 1889లో బాగుపడి జనానికి తెరుచుకుంది. రోజూ నడిచే బాట గనుక అది పాడైతే మర్నాటికే ఎవరో ఒకరు అడుగుతారు. గోడ అలా బతికింది.

మికిల్‌గేట్ నుంచి రైలు స్టేషను పక్కగా వచ్చి, లెండల్ వంతెన దాటి, మ్యూజియం తోటలో ప్రవేశించాము. అక్కడ రోమను కోట మూలబురుజు ఉంది. అనేక కోణాలున్న బురుజు. కింద చిన్న రాళ్ళు, నడుమ ఎర్ర ఇటుకల వరుస రోమనులవి. పైన పెద్ద రాళ్ళు మధ్యయుగంవి. ఈ ఊళ్ళోనే క్రీ.శ. 306లో కాన్‌స్టంటైనును సైన్యం చక్రవర్తిగా ప్రకటించింది. అప్పటికే ఈ ఊరిలో నానాదేశాలనుంచి వచ్చిన సైనికులు, వర్తకులు కాపురమున్నారు. ఇక్కడ ఎవరూ మొదటివాళ్ళు కారు.

తోట దాటి తిరిగి బూథమ్ బార్ ఎదుటి మైదానానికి చేరాము. పొద్దున తొందరలో చూడని ఒక విగ్రహం అప్పుడు కంటబడింది. విలియం ఎట్టీ అనే చిత్రకారుడు. 1787లో ఈ ఊళ్ళోనే రొట్టెలు చేసే ఇంట పుట్టాడు. లండనులో పేరు తెచ్చుకున్నాడు. సొంత ఊరి గోడలు కూల్చుతున్నారని తెలిసి పత్రికలకు ఉత్తరాలు వ్రాశాడు, సభల్లో మాట్లాడాడు, ఇచ్చేవాళ్ళ దగ్గర చందాలు అడిగాడు. 1849లో చనిపోయాడు. విగ్రహం పక్కన చిన్నగా చెక్కిన బూథమ్ బార్ ఉంది. నిజమైన బూథమ్ బార్ ఎదురుగా రోడ్డవతల నిలబడి ఉంది. ఊరు విడిచి వెళ్ళి దూరంలో బతికినవాడు ఊరి కోసం ఇంత చేశాడన్నది మాకు ఎక్కడో తగిలింది.

ఆ మైదానంలో బెంచీల మీద కూర్చుని ఫ్లాస్కుల్లో మిగిలిన టీ తాగుతూ ఉండగా మాట హైదరాబాదు మీదికి మళ్ళింది. మాలో ముగ్గురు అక్కడ పుట్టినవాళ్ళు. 1591లో కట్టిన ఆ నగరానికి పద్ధెనిమిదవ శతాబ్దంలో రాతి ప్రాకారం లేచింది. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టాడు, మొదటి నిజాము పూర్తి చేశాడు. చుట్టుకొలత సుమారు 6 మైళ్ళు, అంటే యార్క్ గోడకు మూడు రెట్లు. పన్నెండుకు పైగా దర్వాజాలు, వాటి నడుమ చిన్న కిటికీ వాకిళ్ళు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నది పక్కనున్న గోడను బాగా దెబ్బతీసింది. తరువాత ఊరు పెరిగింది, రోడ్లు వెడల్పు చేశారు. ఒక్కొక్క దర్వాజా పోతూ వచ్చింది. ఇప్పుడు నిలిచి ఉన్నవి రెండే, దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా. మిగిలినవి పేర్లలో ఉన్నాయి. లాల్ దర్వాజా అంటే జనం బోనాలు తలుచుకుంటారు, వాకిలిని కాదు. ఆలియాబాదు, యాకుత్‌పురా, చాదర్‌ఘాట్ మీదుగా తిరిగినవాళ్ళం అక్కడ గవనులుండేవని తెలియకుండానే తిరిగాము. మాలో ఒకరు, "ఆ గోడ మీద ఎవరైనా నడిచి ఉంటే బాగుండును" అన్నారు. ఎవరమూ దానికి జవాబు చెప్పలేదు.

అందుకని సభ్యులకు ఒక విన్నపం. మీలోగాని, మీ ఇంటి పెద్దలలోగాని హైదరాబాదు అఫ్జల్ దర్వాజానో, మరే దర్వాజానో నిలిచి ఉండగా చూసినవారుంటే, ఓరుగల్లు మట్టికోట మీద ఆడుకున్నవారుంటే, తమ జ్ఞాపకాలు ఒక పేజీ అయినా వ్రాసి ఈ పత్రికకు పంపండి. వ్రాయలేని పెద్దలు చెబితే పిల్లలు వ్రాసి పంపవచ్చు. పడిపోయిన గోడను మనం తిరిగి కట్టలేము. అది ఎక్కడ ఉండేదో, దాని పక్కన ఏ అంగడి ఉండేదో, ఎవరు ఏ వాకిలి గుండా బడికి వెళ్ళేవారో వ్రాసి పెట్టగలం.

యార్క్ నడక మళ్ళీ వచ్చే వేసవిలో ఉంటుంది. మొత్తం తిరగడానికి ఆగకుండా అయితే రెండు గంటలు. మనవాళ్ళతో, పిల్లలతో, ఫలహారాలతో అయితే పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రం నాలుగు. కొన్ని చోట్ల లోపలి వైపు పిట్టగోడ లేదు కనుక చిన్నపిల్లల చేయి వదలవద్దు. వాన పడితే రాళ్ళు జారుతాయి, చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకురండి. మా పదేళ్ళ పిల్ల ఈసారి దారి తానే చూపిస్తానంటోంది.